మన తెలుగు బైబిలు మాటలు – స్వలింగ సంపర్కముపై మన వ్యాఖ్యానము: ఒక విమర్శనాత్మక పరిశీలన

ప్రస్తావన

స్వలింగ సంపర్కమును గూర్చి మన ప్రసంగ వేదికల మీద కొంతకాలముగా తరచుగా మాట్లాడుతున్నాము. ఇందుకు న్యాయస్థానముల తీర్పులే ముఖ్య కారణము. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు, భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షను వయోజనులు సమ్మతితో ఏకాంతముగా పెట్టుకొనే సంబంధములకు వర్తించదని చెప్పింది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసివేసింది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము మళ్లీ అట్టి సంబంధములు నేరము కావని తేల్చింది. 2023 అక్టోబరు 17న స్వలింగ వివాహమునకు చట్టబద్ధత ఇవ్వడానికి సుప్రీంకోర్టు నిరాకరించి, ఆ పని చట్టసభలదని చెప్పింది. ఈ తీర్పులు పత్రికలలో వచ్చినప్పుడల్లా మన మందిరములలో ఒకటో రెండో ప్రసంగములు వచ్చాయి.

రాజమండ్రిలో విన్నా, పాలకొల్లులో విన్నా, అమలాపురంలో విన్నా ఆ ప్రసంగముల నడక ఒక్కటే. మొదట సొదొమ మీద అగ్నిగంధకములు. తరువాత లేవీయకాండములోని హేయము. తరువాత రోమా మొదటి అధ్యాయము. చివరకు పాశ్చాత్య దేశముల పతనము. మధ్యలో సభను నవ్వించడానికి ఆడంగి నడక మీద ఒక ఛలోక్తి కూడా పడుతుంది. సభ నవ్వుతుంది. ఆ నవ్విన వారి మధ్య, నవ్వలేక తల దించుకొని కూర్చున్న యౌవనస్థుడు ఒకడు ఉండవచ్చునని మనము తలంచము.

ఈ వ్యాసములో మేము పరిశీలించేది సంఘము యొక్క వివాహ సిద్ధాంతమును కాదు; ఆ సిద్ధాంతమునకు ఆధారముగా మనము చూపే వాక్యభాగములను మనము చదివే పద్ధతిని. మా మనవి క్లుప్తముగా ఇది: మన తెలుగు బైబిలు ఈ వాక్యభాగములను మన చేతికి ఇచ్చేసరికే కొన్ని మాటల ద్వారా వాటికి వ్యాఖ్యానము చేసి ఇచ్చింది, మనము మూల భాషకు, ఆనాటి చరిత్రకు వెళ్లకుండా ఆ మాటల మీదనే తీర్పు నిలబెడుతున్నాము. చరిత్ర సందర్భములో చదివినంత మాత్రాన ఈ భాగములు స్వలింగ సంబంధమును ఆశీర్వదిస్తాయని మేము చెప్పము. కాని మనము వాటిచేత పలికిస్తున్న అనేక మాటలు అవి పలకడం లేదని మాత్రము చెప్పవలసి ఉన్నది.

1. చరిత్ర సందర్భము మనకు కొత్త కాదు

"చరిత్ర సందర్భము" అనగానే కొందరు కాపరులు అనుమానిస్తారు. వాక్యమును పలుచన చేయడానికి పాశ్చాత్యులు కనిపెట్టిన ఉపాయమని వారి భయము. అయితే ఈ పద్ధతిని మనము ప్రతి ఆదివారము వాడుతూనే ఉన్నాము. పరిశుద్ధమైన ముద్దుతో వందనము చేయమని పౌలు వ్రాసినదానిని మనము చేతులు జోడించి నెరవేరుస్తున్నాము. పంది మాంసమును గూర్చిన నిషేధమును క్రొత్త నిబంధన వెలుగులో చదువుతున్నాము. అన్నిటికంటె ముఖ్యముగా, దాసులు తమ యజమానులకు లోబడవలెనని ఎఫెసీ, కొలస్సీ పత్రికలలో ఉన్న హెచ్చరికలను మనము రోమా సామ్రాజ్యపు దాస్య వ్యవస్థ సందర్భములో చదువుతాము. పాలేరుతనమును సమర్థించడానికి ఎవరైనా ఆ వాక్యములను తెస్తే మనము ఊరుకోము. ఎందుకు ఊరుకోము? డెల్టా సంఘములలో అనేకుల తాతలు ఆ పాలేళ్లే గనుక.

మన తాతల విషయములో న్యాయమైన పద్ధతి మరొకరి విషయములో అన్యాయము కాజాలదు. ఒకే కొలత ఉండవలెను. ఈ సూత్రమును చేతబట్టుకొని వాక్యభాగములను ఒక్కొక్కటిగా చూద్దాము.

2. సొదొమ (ఆది 19, న్యాయా 19)

సొదొమ మనుష్యులు లోతు ఇంటిని చుట్టుముట్టి అతిథులను బయటికి తెమ్మన్నారు. ఇక్కడ హెబ్రీ క్రియాపదము "యాదా", అనగా ఎరుగుట. 1955లో డెరిక్ షెర్విన్ బెయిలీ ఈ మాటకు లైంగికార్థము లేదని, వారు అతిథుల పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనగోరారని వాదించాడు. ఈ వాదము నిలువదు. లోతు తన కుమార్తెలను గూర్చి పలికినప్పుడు అదే క్రియాపదము లైంగికార్థములోనే వాడబడింది. మన తెలుగు అనువాదకులు "కూడు" అనే మాట వాడటము సరియైనదే.

అయితే వారు తలపెట్టినది ఏమిటి? ఊరంతా కలిసి, ఇద్దరు పరదేశుల మీద, ఒక ఇంటి గడప దగ్గర చేయబోయిన బలాత్కారము. దీనికి జతగా న్యాయాధిపతులు 19వ అధ్యాయము చదవవలెను. గిబియాలో కూడ మూక ఇల్లు చుట్టుముట్టింది. అతిథియైన లేవీయుని తెమ్మన్నది. అతని ఉపపత్నిని బయటికి తోసివేయగా రాత్రంతా ఆమెను చెరిపారు, ఆమె చనిపోయింది. గిబియాను గూర్చి మనము స్త్రీపురుష సంబంధములకు విరోధముగా ప్రసంగించము. మూక బలాత్కారమును గూర్చి ప్రసంగిస్తాము. సొదొమకు మాత్రము వేరే కొలత వాడుతున్నాము.

ప్రవక్తలు సొదొమను ఎలా చదివారో చూడండి. యెహెజ్కేలు 16:49లో సొదొమ దోషములుగా గర్వము, ఆహార సమృద్ధి, నిర్విచారము, దీనులకు చేయూత ఇవ్వకపోవుట పేర్కొనబడ్డాయి. తరువాతి వచనములో హేయక్రియల ప్రస్తావన ఉన్నది; దానిని దాచకూడదు. యూదా పత్రిక 7వ వచనము వారి వ్యభిచారమును చెబుతుంది; అక్కడ గ్రీకులో ఉన్నది "వేరైన శరీరము" అనే మాట. దూతల శరీరము అని కొందరు, అక్రమమైన కోరిక అని కొందరు వివరించారు. మన ప్రభువు మాత్రము సొదొమ పేరెత్తినది తన శిష్యులను చేర్చుకొనని ఊళ్లను గూర్చి చెప్పినప్పుడు (మత్తయి 10:14-15). సొదొమను ప్రధానముగా పురుషుల మధ్య సంపర్కపు పాపముగా చదివినవారిలో మొదటి శతాబ్దపు అలెగ్జాండ్రియా యూదుడు ఫిలో ముఖ్యుడు. పదకొండవ శతాబ్దములో పీటర్ డేమియన్ ఆ పఠనమును పాశ్చాత్య సంఘ క్రమశిక్షణలోనికి గట్టిగా దించాడు. అక్కడ నుండి అది ఇంగ్లండు చట్టములోనికి 1533లో, మన దేశములోనికి 1860 శిక్షాస్మృతి ద్వారా వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. స్వలింగ సంపర్కము పడమటి దేశముల నుండి దిగుమతి అయినదని మన వేదికల మీద చెబుతారు. దిగుమతి అయినదని నిశ్చయముగా చూపగలిగినది 377వ సెక్షను. ప్రకృతి క్రమమునకు విరుద్ధము అనే దాని పలుకుబడి మధ్యయుగపు పాశ్చాత్య వేదాంతములో నుండి వచ్చినది. 2024 జూలై 1న శిక్షాస్మృతి స్థానములో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అట్టి సెక్షను లేదు.

3. హేయము (లేవీ 18:22, 20:13)

లేవీయకాండపు నిషేధము స్పష్టమైనది. పురుషునితో పురుషుడు శయనించుటను అది నిషేధించింది. 20వ అధ్యాయము ఇద్దరికీ మరణశిక్ష విధించింది. దీనిని చదివే మన కాపరులు "హేయము" అనే మాట మీద గొంతు పెంచుతారు. తెలుగులో హేయమంటే అసహ్యము, రోత. వినేవారిలో వాంతి పుట్టించే భావము. హెబ్రీలో ఆ మాట "తోయెబా". ఒక సమాజము తన హద్దులకు వెలుపల పెట్టినదానిని అది సూచిస్తుంది. సామెతలు 11:1లో దొంగత్రాసు కూడ తోయెబాయే. మన తెలుగు అనువాదము అక్కడా హేయమనే మాటనే వాడింది. ధాన్యపు కాటా దగ్గర మోసపోయిన కౌలురైతు ఈ వచనము మీద ప్రసంగము ఎన్నిసార్లు విన్నాడు?

ఇంకొక స్థలము మన సంఘములకు మరీ దగ్గరది. ఆదికాండము 43:32లో ఐగుప్తీయులు హెబ్రీయులతో కలిసి భోజనము చేయరు. అది వారికి తోయెబా, హేయము. పంక్తి నుండి లేపివేయబడిన అనుభవము మన పెద్దలకు ఉన్నది. ఒక జనము మరొక జనమును గూర్చి హేయమని తలంచినప్పుడు అది ఎవరి దృష్టి, ఏ హద్దు, ఎందుకు అని అడగడము మనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

అయితే ఈ వాదమును కొందరు చాలా దూరము తీసికొనిపోతారు. ఇది కేవలము ఆచార సంబంధమైన అపవిత్రత, నీతి సంబంధమైనది కాదు, గనుక క్రైస్తవునికి వర్తించదు అంటారు. ఇది తొందరపాటు. 18వ అధ్యాయములో వావివరుసలు తప్పుట, పొరుగువాని భార్యతో శయనించుట, పిల్లలను మోలెకుకు అర్పించుట కూడ ఉన్నాయి. వీటిని ఆచారములని కొట్టివేయలేము. అలాగని అధ్యాయమంతా శాశ్వత నీతి అని కూడ చెప్పలేము. 18:19 ముట్టు దినములలో భార్యను చేరుటను అదే జాబితాలో నిషేధించింది. దానిని ఏ సంఘము క్రమశిక్షణలో పెట్టింది? అపొస్తలుల కార్యములు 15లో అన్యజనులకు విధించిన నాలుగు నియమముల వెనుక లేవీయకాండము 17, 18 అధ్యాయములు ఉన్నాయని అనేకమంది పండితుల అభిప్రాయము. నిషేధము క్రొత్త నిబంధనలోనికి కొనసాగిందనేవారికి ఇది బలమైన ఆధారము. ఇరుపక్షములు దీనిని తూచవలెను. మరణశిక్షను విడిచిపెట్టి నిషేధమును మాత్రమే పట్టుకొన్న క్షణములోనే మనము చరిత్ర సందర్భములో చదవడము మొదలుపెట్టామని కూడ ఒప్పుకొనవలెను.

ఇక్కడే ద్వితీయోపదేశము 23:17, 1 రాజులు 14:24లలోని "పురుషగామి" అనే మాటను చూడవలెను. హెబ్రీలో అది "కాదేష్", ప్రతిష్ఠింపబడినవాడు అని ధాత్వర్థము. అన్య దేవతల గుడులతో సంబంధమున్న వాడని సందర్భము సూచిస్తుంది. అతని పని ఏమిటో పండితులలో ఏకాభిప్రాయము లేదు. మూలములో గమనము లేదు, పురుషుడనే మాటా లేదు. 1611 నాటి ఆంగ్ల బైబిలు ఇక్కడ సొదొమీయుడు అనే మాట పెట్టింది. మన తెలుగు మాటలో దాని నీడ కనబడుతుంది. విగ్రహారాధనను గూర్చిన వచనము అనువాదములో లైంగిక నేరమును గూర్చిన వచనమయింది.

4. సన్నపు బట్ట, ఆడంగితనము (1 కొరింథీ 6:9, 1 తిమోతి 1:10)

మా విమర్శకు కేంద్రము ఈ వచనము. దేవుని రాజ్యమునకు వారసులు కానివారి జాబితాలో పౌలు రెండు గ్రీకు మాటలు పక్కపక్కన పెట్టాడు: "మలకోయ్", "అర్సెనోకొయితై".

"మలకోస్" అంటే మెత్తని, సున్నితమైన. ఇదే మాట మత్తయి 11:8లో రాజగృహములలో ధరించే బట్టలను గూర్చి వాడబడింది. మన తెలుగు అనువాదము అక్కడ "సన్నపు" అన్నది. అదే మాట మనిషికి తగిలినప్పుడు "ఆడంగితనము" అయింది. ఆనాటి గ్రీకు రచయితలు ఈ మాటను పిరికివానికి, సోమరికి, సుఖలాలసునికి, ఇంద్రియనిగ్రహము లేనివానికి, అలాగే పురుషుల సంపర్కములో లోబడి ఉండేవానికి కూడ వాడారు. ఈ జాబితాలో ఇది లైంగిక పాపముల మధ్య ఉన్నది గనుక చివరి అర్థమునకే మొగ్గు ఉన్నదనడము సమంజసమే. అయితే డేల్ మార్టిన్ 1996లో చూపినట్టు, ఆ మాట వెనుక ఉన్నది స్త్రీ అంటే బలహీనత అనే ఆనాటి గ్రీకు రోమీయుల తలంపు.

ఇక తెలుగు మాటను చూడండి. ఆడంగి అనే మాటకు డెల్టా పల్లెలలో అర్థము అందరికీ తెలుసు. మెత్తగా మాట్లాడేవాడు, చేతులు తిప్పేవాడు, ఆడపిల్లలతో కూర్చునేవాడు, పొలము పనికంటె ముగ్గు మీద మనసున్నవాడు. ఈ మాట ఒక క్రియను ఖండించడము లేదు. ఒక నడకను, ఒక గొంతును ఖండిస్తున్నది. ఏ పాపమూ చేయని పదమూడేండ్ల పిల్లవాడు సండే స్కూలులో ఈ వచనము చదివి, దేవుని రాజ్యములో తనకు చోటు లేదని తెలిసికొంటాడు. పాపమును నిర్వచించవలసిన మాట ఎగతాళి మాటగా మిగిలిపోయింది. పైగా ఆడతనమే ఒక దోషమన్నట్టు వినిపించే ఈ మాటను మన మందిరములలో సగముకంటె ఎక్కువగా కూర్చున్న స్త్రీల ఎదుట మనము చదువుతున్నాము.

రెండవ మాట విషయములో మన అనువాదకులను మెచ్చుకొనవలెను. "అర్సెనోకొయితై" అనేది పౌలుకు ముందు ఎక్కడా కనబడని మాట. అర్సెన్ అంటే పురుషుడు, కొయితే అంటే పడక. లేవీయకాండపు గ్రీకు అనువాదములో, ముఖ్యముగా 20:13లో, ఈ రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. గ్రీకు మాట్లాడే యూదులు అక్కడ నుండి దీనిని కూర్చి ఉంటారని రాబిన్ స్క్రోగ్స్ 1983లో వాదించాడు. ఆయనతో విభేదించే రాబర్ట్ గాగ్నన్ కూడ 2001 నాటి తన గ్రంథములో ఈ మూలమును ఒప్పుకొన్నాడు. కాబట్టి "పురుషసంయోగులు" అనేది మూలమునకు దగ్గరైన మాట. అది ఒక స్వభావమును గాని, ఒక వర్గమును గాని పేర్కొనక ఒక క్రియను పేర్కొంటున్నది. ఆంగ్లములో 1946 నాటి సవరణ అనువాదము ఈ రెండు గ్రీకు మాటలను కలిపి స్వలింగ సంపర్కులు అనే అర్థమిచ్చే ఒకే ఆధునిక పదము పెట్టింది. 1971లో దానిని మార్చవలసి వచ్చింది. ఆ పదము 1869లో జర్మన్ భాషలో పుట్టినది. మన పాత అనువాదము ఆ పొరపాటు చేయలేదు. వేదిక మీద మనము చేస్తున్నాము.

అయితే పౌలు చూసిన పురుషసంయోగము ఏది? గ్రీకు పట్టణములలో వయోజనుడు బాలుని చేరదీయుట, యజమాని తన దాసుని వాడుకొనుట, అంగడిలో అమ్ముడుపోయిన బాలుర చేత వ్యభిచారము చేయించుట బహిరంగముగా ఉండేవి. దాసుని శరీరము మీద యజమానికి హక్కు ఉన్నదని రోమా సమాజము తలంచింది. 1 తిమోతి 1:10లో పురుషసంయోగుల పక్కనే ఉన్నది "మనుష్య చోరులు", అనగా మనుష్యులను పట్టి దాసులుగా అమ్మేవారు. ఈ పొరుగుతనము యాదృచ్ఛికము కాదని స్క్రోగ్స్ వాదన. మార్టిన్ లూథరు తన జర్మన్ బైబిలులో ఈ మాటకు బాలురను చెరిపేవారు అనే అర్థమిచ్చే పదము పెట్టాడు. లూథరు పేరు మోసే సంఘములు ఇన్ని ఉన్న మన గోదావరి జిల్లాలలో ఈ సంగతి తెలియవలసినది. బాలురను చెరిపేవారిని గూర్చి మన వేదికలు ఎంత మాట్లాడుతున్నాయి? హాస్టళ్లలో, బంధువుల ఇళ్లలో జరిగే ఆ పాపము మీద ఈ వచనము సూటిగా పడుతుంది.

5. స్వభావమునకు విరుద్ధము (రోమా 1:26-27)

పౌలు రోమా పత్రికను సుమారు క్రీ.శ. 57లో కొరింథు నుండి వ్రాశాడు. మొదటి అధ్యాయపు రెండవ భాగము అన్యజనుల విగ్రహారాధనను, దాని ఫలితములను వర్ణిస్తుంది. సొలొమోను జ్ఞానగ్రంథము 13, 14 అధ్యాయములు చదివినవారికి ఈ వాదము యూదులకు పరిచితమైనదని తెలుసు. సమాజమందిరములో వినే యూదుడు ప్రతి వాక్యమునకు తల ఊపుతాడు. సరిగ్గా అప్పుడే 2:1లో పౌలు అతని వైపు తిరిగి, తీర్పు తీర్చే నీవు నిరుత్తరుడవు అంటాడు. ఈ అధ్యాయ విభజన పౌలు చేసినది కాదు. 1:32 దగ్గర ప్రసంగము ఆపేవాడు పౌలు వల వేసిన చోట ఆగి, ఆ వలలో తానే పడుతున్నాడు.

ఇక "స్వభావము" అనే మాట. గ్రీకులో "ఫుసిస్". స్వభావవిరుద్ధము, "పారా ఫుసిన్". ఇదే ఫుసిస్‌ను పౌలు 1 కొరింథీ 11:14లో వాడాడు: పురుషుడు జుట్టు పెంచుట అవమానమని స్వభావమే నేర్పుతున్నదట. సమ్సోను, సమూయేలు జుట్టు పెంచినవారని పౌలుకు తెలియదా? తానే మ్రొక్కుబడి ఉన్నందున కెంక్రేయలో తల వెండ్రుకలు కత్తిరించుకొన్నాడు (అపొ. కార్య 18:18). అక్కడ స్వభావమంటే లోకములో స్థిరపడిన మర్యాద అని మనము వివరిస్తాము. రోమా 1లో మాత్రము అదే మాటకు సృష్టి నియమమని ఒక్క అర్థమే చెబుతాము.

అన్నిటికంటె ఆలోచింపదగినది రోమా 11:24. అడవి ఒలీవ కొమ్మను మంచి ఒలీవ చెట్టుకు అంటుకట్టిన దేవుని క్రియను పౌలు "పారా ఫుసిన్" అన్నాడు. కడియం, కడియపులంక నర్సరీలలో అంటు కట్టేవారిని అడిగితే ఈ మాటలోని వింత తెలుస్తుంది. వారు టెంక మొక్క మీద బంగినపల్లి కొమ్మను కడతారు, కొత్తపల్లి కొబ్బరి కొమ్మను కడతారు; మేలు చెట్టు మీద అడవి కొమ్మను ఎవరూ కట్టరు. దేవుడు అన్యజనుల విషయములో కట్టాడు. కాబట్టి స్వభావవిరుద్ధము అనే మాట వినగానే పాపమని తేల్చివేయడము పౌలు భాషకే విరుద్ధము. అన్యజనులమైన మన రక్షణయే పారా ఫుసిన్.

అంతమాత్రాన 1:26-27 నిర్దోషమైన వర్ణన అని చెప్పగలమా? చెప్పలేము. అక్కడ ఆ మాట అవమానము, తుచ్ఛమైన అభిలాష అనే మాటల మధ్య ఉన్నది. 1980లో జాన్ బాస్వెల్, పౌలు ఇక్కడ చెప్పినది స్వభావసిద్ధముగా స్త్రీలను కోరే పురుషులు తమ స్వభావమును మీరుటను గూర్చియే అని వాదించాడు. ఇది ఆధునిక భేదమును పౌలు నోట పెట్టుటయే. పౌలు చెప్పినది బాలురను చెరిపేవారిని గూర్చి మాత్రమే అనేవారికి 26వ వచనములోని స్త్రీలు అడ్డము వస్తారు. ఆ వచనము స్త్రీల మధ్య సంబంధమును గూర్చినది కాక, పురుషులతో అస్వాభావిక సంపర్కమును గూర్చినదని అగస్టీను చదివాడు గాని, 27వ వచనములోని పోలిక ఆ పఠనమునకు అనుకూలముగా లేదు. పూర్వులకు జీవితకాలపు స్వలింగాభిరుచి తెలియనే తెలియదన్న మాట కూడ అతిశయోక్తి. నక్షత్ర శాస్త్ర గ్రంథములలో అట్టి ప్రస్తావనలు ఉన్నాయని బెర్నడెట్ బ్రూటెన్ 1996లో చూపింది. పౌలు యూదుల లైంగిక నీతిలో పెరిగినవాడు. ఏ స్వలింగ సంబంధమునైనను ఆయన మెచ్చి ఉంటాడనడానికి ఆధారము లేదు. ఇది ఒప్పుకొనుట వ్యాఖ్యాతకు ధర్మము. తాను మన్నించని వారిని చూపి తీర్పరులను పట్టుకొన్నాడని చెప్పుట కూడ అంతే ధర్మము.

6. నపుంసకుడు (ద్వితీ 23:1, యెషయా 56, అపొ. కార్య 8)

బైబిలు తనలో తానే ఎలా మాట్లాడుకొంటుందో చూపే భాగము ఒకటి ఉన్నది. ద్వితీయోపదేశము 23:1 ప్రకారము అంగచ్ఛేదము పొందినవాడు యెహోవా సమాజములో చేరకూడదు. యెషయా 56లో నిబంధనను గైకొనే నపుంసకునికి దేవుని మందిరములో కుమారులు కుమార్తెలకంటె శ్రేష్ఠమైన పేరు వాగ్దానము చేయబడింది. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడైన నపుంసకుడు అదే యెషయా గ్రంథమును రథములో చదువుతున్నాడు. తనకు బాప్తిస్మమునకు ఆటంకమేమని అడుగుతాడు. అతడు రథము ఆపించగా ఫిలిప్పు అతనితో కూడ నీళ్లలోనికి దిగుతాడు. మత్తయి 19:12లో మన ప్రభువు, వివాహమును గూర్చి సృష్టి ఆరంభమును చూపి బోధించిన వెంటనే, తల్లి గర్భము నుండి నపుంసకులుగా పుట్టినవారిని గూర్చి తిట్టుగా కాక మామూలుగా పలికాడు.

ఈ భాగములను స్వలింగ సంపర్కులకు సూటిగా అన్వయించరాదు. అవి వేరు వ్యక్తులను గూర్చినవి. కాని హిజ్రాల విషయములో మన సంఘములు ఈ వచనములను తప్పించుకొనలేవు. నిజాము రాష్ట్రములో 1919 నాటి నపుంసకుల చట్టము హిజ్రాల పేర్లు నమోదు చేయించి, స్త్రీ వేషముతో వీధిలో కనబడితే శిక్షించింది; తెలంగాణ హైకోర్టు దానిని 2023లో గాని కొట్టివేయలేదు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు వారిని తృతీయ లింగముగా గుర్తించింది. రైలులో చప్పట్లు కొట్టి చేయి చాచే వారిని మనము చూస్తూనే ఉన్నాము. వారిలో ఒకరు ఆదివారము మందిరము గుమ్మము దగ్గరకు వస్తే ఎటువైపు కూర్చోమనాలి, స్త్రీల వైపా పురుషుల వైపా అని పెద్దలు తర్జనభర్జన పడతారు. ఫిలిప్పు ముందు ఆ ప్రశ్న లేదు. నీళ్లు ఉన్నాయి, అడిగినవాడు ఉన్నాడు.

7. కాపరి ఎదుట ఉన్న పని

వివాహమును గూర్చి సంఘము తన బోధను ఆదికాండము 1, 2 అధ్యాయముల మీద, మార్కు 10 మీద నిలబెట్టుకొనవచ్చును. వాదన అక్కడ జరగవలెను. పాశ్చాత్య సంఘములలో కొన్ని వేరు నిర్ణయములకు వచ్చాయి. మన రాజమండ్రి ప్రాంతములో పని చేసిన అమెరికను లూథరను మిషనుల వారసత్వములో నిలిచిన సంఘము 2009 ఆగస్టులో స్వలింగ భాగస్వామి గల సేవకులను కూడ అంగీకరించింది. వారి నిర్ణయమును మనము అంగీకరించనక్కరలేదు. కాని వారిని సొదొమ అని పిలిచి చర్చ ముగించుట చదువుకొన్న కాపరికి తగదు. 1964లో లూథర్‌గిరిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఆరంభమైనప్పుడు వేర్వేరు సంఘముల విద్యార్థులు ఒకే బల్ల మీద గ్రీకు నేర్చుకొన్నారు. ఆ గ్రీకు పరీక్షకు మాత్రమే కాదు.

మా పరిశీలన నుండి నాలుగు సంగతులు తేలుతున్నాయి. మొదటిది, సొదొమను మూక బలాత్కారముగా, పరదేశికి జరిగిన అన్యాయముగా ప్రసంగించవలెను. రెండవది, "ఆడంగితనము" అనే మాట చదివినప్పుడు దానిని అక్కడికక్కడే వివరించవలెను. అనువాద సవరణ జరిగినప్పుడు ఆ మాట మార్చమని మన సంఘముల తరఫున అడగవలెను. మూడవది, రోమా మొదటి అధ్యాయమును రెండవ అధ్యాయము లేకుండా చదువరాదు.

నాలుగవది అన్నిటికంటె అత్యవసరమైనది. కుమారుని మొగ్గు తెలిసిన తలిదండ్రులు కాపరి దగ్గరకు రెండు కోరికలతో వస్తారు: ప్రార్థన చేసి విడిపించండి, లేదా త్వరగా పెండ్లి చేయండి, సర్దుకొంటాడు. ఇది రోగము కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లో ప్రకటించింది. మార్పిడి చికిత్స వైద్యులకు వృత్తి దోషమని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. వైద్యుడు చేయరానిదని తేలినదానిని ఉపవాస కూటము పేరుతో కాపరి చేయరాదు. ఇక పెండ్లి సంగతి. ఆ పెండ్లిలో మరొకరి కుమార్తె ఉన్నది. ఏ పల్లె నుండో అప్పు చేసి పంపబడిన ఆ పిల్ల, తనలో ఏమి లోపమో తెలియక ఏండ్ల తరబడి ఏడుస్తుంది, అత్తవారు గొడ్రాలంటారు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము క్రింద వివాహము జరిపే అధికారము మనకు ఉన్నది. ఆటంకమేదైనా ఉంటే చెప్పమని సభ ఎదుట అడిగేది మనమే. ఆటంకము తెలిసి అడిగే కాపరి ఆ బలిపీఠము దగ్గర అబద్ధమాడుతున్నాడు. అట్టి వివాహమును జరిపించనని తలిదండ్రులతో నెమ్మదిగా, గట్టిగా చెప్పవలెను. చెప్పిన తరువాత ఆ కుమారుని ఇంటికి మునుపటివలెనే వెళ్లి, అతని పేరు పెట్టి పిలిచి, ప్రభువు బల్ల దగ్గర అతని స్థలము అతనికి ఉన్నదో లేదో సంఘ పెద్దలతో కలిసి వాక్యము తెరచి నిర్ణయించవలెను. ఆ రోజున తెరచే వాక్యమును ముందుగానే సరిగా చదివి ఉండవలెనన్నదే ఈ విమర్శ ఉద్దేశ్యము.